లైన్ అకౌంటూ విలేకరి స్వేచ్ఛా

తెలంగాణలో పత్రికా స్వేచ్ఛ చరిత్రను చాలామంది 1948 ఆగస్టు దగ్గర మొదలుపెడతారు. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు హైదరాబాద్ నడివీధిలో కాల్చి, చెయ్యి నరికారు. మానుకోట తాలూకా బిడ్డ కాబట్టి ఓరుగల్లు వాళ్లకు ఆయన మరీ దగ్గర. ఆ త్యాగాన్ని ఎంత తలుచుకున్నా తక్కువే. కానీ కలాన్ని వంచింది ఆయుధమొక్కటే అన్న కథనం అసంపూర్ణం. వర్ధన్నపేట లాంటి మండల కేంద్రంలో విలేకరి చేతిని పట్టి ఆపింది, ఎక్కువగా, జీతం లేకపోవడం.

1922లో ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల ‘తెనుగు’, 1926లో సురవరం ‘గోలకొండ’ అందరికీ తెలిసినవే. అసలు మలుపు 1989. ఆ ఏడు ‘ఈనాడు’ జిల్లా పత్రికలు తెచ్చింది, మిగతావీ అదే దారి పట్టాయి. పేజీలు నింపడానికి మండలానికో మనిషి కావలసి వచ్చాడు. దీనివల్ల మేలూ జరిగింది: ఎండిన బోరు, రాని పంతులు, ఆగిన పింఛను అచ్చులోకెక్కాయి. పత్రికాఫీసు గడప తొక్కని కులాల పిల్లలు విలేకరులయ్యారు. అయితే వాళ్లకు దక్కింది ఉద్యోగం కాదు, లైన్ అకౌంట్. అచ్చయిన లైన్లు కొలిచి ఇచ్చే ఆ డబ్బు పెట్రోలుకే చాలదు. ఆపైన ఆగస్టు 15కు, ఉగాదికి యాడ్స్ టార్గెట్. రైస్‌మిల్లు యజమాని దగ్గర యాడ్ తీసుకున్నవాడు తెల్లారి ఆ మిల్లు తూకం మీద ఎట్లా రాస్తాడు?

ఒక్క కారణానికే అంతా కట్టెయ్యడం న్యాయం కాదు. అవి పోలీసులకూ నక్సలైట్ దళాలకూ మధ్య వరంగల్ నలిగిన రోజులు. 1991 డిసెంబరులో ‘ఉదయం’ విలేకరి గులాం రసూల్ చనిపోతే ఎదురుకాల్పులన్నారు పోలీసులు; పౌరహక్కుల సంఘాలు నమ్మలేదు. భయం నిజమే. అయితే అది అందరినీ ఒకేలా తాకదు. సిటీ డెస్క్‌లో ఉన్నవాడికి జీతం, సంస్థ, వకీలు. మండల విలేకరి ఎవరి మీద రాస్తాడో వాళ్ల వీధిలోనే కాపురం. దెబ్బ తింటే ‘మా ఉద్యోగి కాడు’ అని యాజమాన్యం తప్పుకోవచ్చు. ఆ మనిషి దళితుడైతే, వెనుక భూమీ బంధుబలగమూ లేకపోతే, బెదిరింపు బరువు రెట్టింపు.

రాష్ట్రం వచ్చాక మారిందా? 2014 సెప్టెంబరు 9న, కాళోజీ శతజయంతి రోజు, వరంగల్ గడ్డ మీదే ముఖ్యమంత్రి కేసీఆర్ మీడియాను పది కిలోమీటర్ల లోతున పాతరేస్తామని హెచ్చరించారు. ప్రభుత్వం మారాక, 2025 మార్చిలో, ముఖ్యమంత్రిని విమర్శించిన వీడియో కేసులో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. వీటి మీద జర్నలిస్టు సంఘాలు మాట్లాడాయి, మంచిదే. కానీ అక్రిడిటేషన్ కార్డుకూ ఇళ్ల స్థలాలకూ పట్టుబట్టినంతగా మండల విలేకరి నియామక పత్రానికీ నెల జీతానికీ పట్టుబట్టడం లేదు. మొదటి రెండూ సర్కారు చేతిలోవి. ఇష్టమైతే ఇస్తుంది, కోపమొస్తే ఆపుతుంది. తర్వాతి రెండూ యజమాని మీద హక్కు. అడగాల్సింది వాటిని.