విశాఖపట్నంలో ప్రో కబడ్డీ: తెలుగు టైటాన్స్ చరిత్ర

ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు రాష్ట్రాల తరఫున ఆడుతున్న ఏకైక జట్టు తెలుగు టైటాన్స్. 2014లో లీగ్ మొదలైనప్పుడు బరిలో దిగిన 8 జట్లలో ఇదొకటి. యాజమాన్యం వీరా స్పోర్ట్స్ సంస్థది. ఈ జట్టు సొంతగడ్డ మ్యాచ్‌లు విశాఖపట్నం, హైదరాబాద్ నగరాల మధ్య మారుతూ వచ్చాయి. 2014, 2016, 2018, 2025లలో విశాఖ ఆతిథ్యమిచ్చింది. 12 సీజన్లలో టైటాన్స్ ఒక్కసారి కూడా ఫైనల్ ఆడలేదు. అయినా లీగ్ చరిత్రలో పేరున్న రైడర్లు పలువురు ఈ జట్టులోనే వెలుగులోకి వచ్చారు, లేదా ఇక్కడికి వచ్చి ఆడారు.

నేపథ్యం

కోస్తా, ఉత్తరాంధ్ర పల్లెల్లో కబడ్డీ, దానికి ముందు చెడుగుడు, కొత్తగా పరిచయం చేయాల్సిన ఆటలు కావు. సంక్రాంతికి ఊరూరా పోటీలు పెట్టడం పాత ఆనవాయితీ. 1990 బీజింగ్ క్రీడల నుంచి ఆసియా క్రీడల్లో కబడ్డీకి పతకాలు ఇస్తున్నారు. ఇంత చరిత్ర ఉన్నా, ఆటనే నమ్ముకుని బతికే అవకాశం చాలా కాలం రైల్వే, పోలీస్, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకే పరిమితమైంది. ఆనంద్ మహీంద్రా, చారు శర్మల మషాల్ స్పోర్ట్స్ 2014లో ప్రో కబడ్డీ లీగ్‌తో ఈ పరిస్థితిని మార్చింది. ఆట మట్టి మీద కాక మ్యాట్ మీద సాగింది. రాత్రి దీపాల వెలుగులో మ్యాచ్‌లు, టీవీ ప్రసారం, ఆటగాళ్లకు వేలం వచ్చాయి. తొలి సీజన్‌ను దేశంలో సుమారు 43.5 కోట్ల మంది టీవీలో చూశారు. వీక్షకుల సంఖ్యలో ఆ ఏడాది ఐపీఎల్ తర్వాతి స్థానం ఈ లీగ్‌దే.

ఆట, పాయింట్లు

మ్యాచ్ 40 నిమిషాలు, ఒక్కో జట్టులో ఏడుగురు. రైడర్ ఒక్క కూత 30 సెకన్లలో ముగించాలి. ఎదుటి కోర్టులో ఆరుగురు లేదా ఏడుగురు ఉంటేనే బోనస్ గీత దాటినందుకు పాయింటు దక్కుతుంది. ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మంది మిగిలి ఉండగా రైడర్‌ను పట్టేస్తే అది సూపర్ టాకిల్, దానికి రెండు పాయింట్లు. వరసగా రెండు కూతలు ఖాళీగా తిరిగొస్తే మూడోది డూ ఆర్ డై అవుతుంది. అందులో పాయింటు తేకపోతే రైడర్ ఔట్. ఈ నిబంధన వల్ల కాలక్షేపానికి చోటు లేకుండా పోయింది. భారం మోసే ఒక్క రైడర్ మీద జట్టు మొత్తం ఆధారపడటం కూడా దీనితోనే పెరిగింది. టైటాన్స్ కష్టాలకు ఈ ఆధారపడటమే మూలం.

తొలి సీజన్లు (2014–2016)

తొలి వేలంలో టైటాన్స్ దీపక్ నివాస్ హుడాను 12.6 లక్షల రూపాయలకు తీసుకుంది. ఆ వేలంలో అతనిది రెండో అత్యధిక ధర. కానీ జట్టుకు ముఖచిత్రంగా మారింది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి. తొలి సీజన్‌లో అతను 151 రైడ్ పాయింట్లు తెచ్చాడు. యు ముంబా కెప్టెన్ అనూప్ కుమార్ 155తో అగ్రస్థానంలో నిలిచాడు. టైటాన్స్ ఐదో స్థానంతో సరిపెట్టుకుంది. ఫైనల్లో జైపూర్ పింక్ పాంథర్స్ 35–24తో యు ముంబాను ఓడించింది.

2015 రెండో సీజన్‌లో రాహుల్, దీపక్‌లకు సుకేశ్ హెగ్డే, ఇరాన్ ఆటగాడు మేరాజ్ షేఖ్ తోడుగా ఉన్నారు. ఆ నలుగురి బలంతో టైటాన్స్ సెమీఫైనల్ చేరింది. అక్కడ బెంగళూరు బుల్స్ 39–38తో, ఒక్క పాయింటు తేడాతో గెలిచి ఫైనల్ తలుపు మూసింది. మూడో స్థానం కోసం జరిగిన మ్యాచ్‌లో టైటాన్స్ 34–26తో పట్నా పైరేట్స్‌పై నెగ్గింది. ఆ సీజన్ ట్రోఫీ యు ముంబాది.

మూడో సీజన్ 2016 జనవరి 30న విశాఖలోనే మొదలైంది. యు ముంబాతో తొలి మ్యాచ్‌ను టైటాన్స్ 25–27తో చేజార్చుకుంది. అదే ఏడాది నాలుగో సీజన్‌లో రాహుల్ 146 రైడ్ పాయింట్లతో లీగ్‌లోనే అగ్ర రైడర్ అయ్యాడు. సెమీస్‌లో జైపూర్ 34–24తో, మూడో స్థానం మ్యాచ్‌లో పుణేరి పల్టన్ 40–35తో టైటాన్స్‌ను నిలువరించాయి.

విశాఖ వేదిక

విశాఖ మ్యాచ్‌లకు వేదిక అక్కయ్యపాలెం దగ్గర, జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న పోర్టు వారి రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియం. నగరవాసుల నోట అది పోర్టు స్టేడియమే. పడమటి వైపున్న గోపాలపట్నం, పెందుర్తి జనం ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటి రహదారి పట్టుకుంటే నేరుగా అక్కడికి చేరతారు. గాజువాక, ఉక్కునగరం నుంచి వచ్చేవారూ ఎన్ఏడీ మీదుగా ఇదే దారిలో కలుస్తారు. పోర్టు, ఉక్కు కర్మాగారం, రైల్వేల మీద పెరిగిన నగరంలో డ్యూటీ దిగి సాయంత్రం మ్యాచ్‌కు వెళ్లగలగడం పెద్ద సదుపాయం. 2018 డిసెంబర్‌లో ఆరో సీజన్ మ్యాచ్‌లు ముగిశాక విశాఖకు లీగ్ తిరిగి రావడానికి దాదాపు ఏడేళ్లు పట్టింది.

పోటీ జట్లు మారిన తీరు

మూడో సీజన్ నుంచి ఐదో సీజన్ వరకు వరసగా మూడు టైటిళ్లు పట్నా పైరేట్స్‌వే. అందుకు ప్రధాన కారణం పర్దీప్ నర్వాల్. 2017లో జట్లు 12కు పెరిగి మ్యాచ్‌లు ఎక్కువైన సీజన్‌లో అతను 369 రైడ్ పాయింట్లు సాధించాడు. ఫైనల్లో పట్నా 55–38తో గుజరాత్‌ను ఓడించింది. ఆరో సీజన్‌లో 271 రైడ్ పాయింట్లు తెచ్చిన పవన్ సెహ్రావత్ వంతు వచ్చింది. 2019 జనవరి 5న జరిగిన ఫైనల్లో అతని 22 పాయింట్లతో బెంగళూరు బుల్స్ 38–33తో గుజరాత్‌పై గెలిచింది. తర్వాత బెంగాల్ వారియర్స్, దబంగ్ ఢిల్లీ, జైపూర్, పుణేరి పల్టన్, హరియాణా స్టీలర్స్ వరసగా విజేతలయ్యాయి. వీటిలో చాలా జట్లు ఒక్క రైడర్ మీద కాక కార్నర్ డిఫెన్స్ మీద, ఇద్దరు ముగ్గురు రైడర్ల పంపకం మీద నిలబడ్డవే.

దిగజారిన సీజన్లు (2019–2024)

ఆరో సీజన్ తర్వాత రాహుల్ చౌదరి తమిళ్ తలైవాస్‌కు వెళ్లాడు. అతని స్థానంలో టైటాన్స్ మహారాష్ట్ర రైడర్ సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకు కొన్నది. 2019లో సిద్ధార్థ్ రెండు వందలకు పైగా రైడ్ పాయింట్లు సాధించినా జట్టు 11వ స్థానం దాటలేదు. ప్రేక్షకులు లేకుండా బెంగళూరులో జరిగిన ఎనిమిదో సీజన్‌లో అతను గాయపడ్డాడు. టైటాన్స్ 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. తొమ్మిదో సీజన్‌లో 22కు రెండే విజయాలు.

పదో సీజన్ వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు 2.605 కోట్లు పెట్టింది. లీగ్‌లో అప్పటివరకు ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. ఆ సీజన్‌లోనూ విజయాలు రెండే. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లలో ఐదు గెలుపులు. రైడర్ ఎంత గొప్పవాడైనా వెనక డిఫెన్స్ కుదరకపోతే, అతను ఔటై బెంచీ మీద కూర్చున్న ప్రతిసారీ మ్యాచ్ చేజారుతుంది. టైటాన్స్‌కు మూడేళ్లూ జరిగింది ఇదే.

కోలుకున్న జట్టు (2024–2025)

కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాక మార్పు కనిపించింది. 2024లో 11వ సీజన్‌ను హైదరాబాద్‌లో బెంగళూరు బుల్స్‌పై 37–29 విజయంతో ఆరంభించిన టైటాన్స్ 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. ప్లేఆఫ్స్ కొద్దిలో తప్పాయి. పవన్ గాయపడ్డ మ్యాచ్‌లలో విజయ్ మాలిక్ జట్టును లాక్కొచ్చాడు.

2025 ఆగస్టు 29న 12వ సీజన్ విశాఖలో ప్రారంభమైంది. కెప్టెన్ విజయ్ మాలిక్. తొలి ప్రత్యర్థి తమిళ్ తలైవాస్ జట్టులో టైటాన్స్‌ను వీడిన పవన్ సెహ్రావత్, మరో రైడర్ అర్జున్ దేశ్వాల్ ఉన్నారు. తలైవాస్ 38–35తో గెలిచింది. అదే రోజు రెండో మ్యాచ్‌లో బెంగళూరు బుల్స్, పుణేరి పల్టన్ 32–32తో సమమయ్యాయి. ఆ సీజన్‌తో వచ్చిన కొత్త నియమం ప్రకారం చెరో ఐదు కూతలతో టైబ్రేకర్ పెట్టారు. ఏడుగురు చొప్పున మ్యాట్ మీదే ఉంటారు, ఔటైనవారు బయటకు పోరు, పాయింట్లు మాత్రమే లెక్క. పుణేరి 6–4తో నెగ్గింది. లీగ్ దశలో టైబ్రేకర్‌తో తేలిన మొట్టమొదటి మ్యాచ్‌గా అది విశాఖ పేరిట నిలిచింది.

విజయ్‌కు ఆల్‌రౌండర్ భరత్ హుడా తోడవడంతో టైటాన్స్ ప్లేఆఫ్స్ చేరింది. బెంగళూరు బుల్స్‌పై 37–32తో, పట్నా పైరేట్స్‌పై 46–39తో గెలిచింది. ఫైనల్‌కు ఒక్క మెట్టు ముందు రెండో క్వాలిఫయర్‌లో భరత్ ఒంటిచేత్తో పోరాడినా పుణేరి 50–45తో పైచేయి సాధించింది. అక్టోబర్ 31న ఢిల్లీలో జరిగిన ఫైనల్లో ఆశు మాలిక్ నాయకత్వంలోని దబంగ్ ఢిల్లీ 31–28తో పుణేరిని ఓడించి రెండో టైటిల్ అందుకుంది.

అంచనా

2015లో మూడో స్థానం, 2016లో సెమీఫైనల్, 2025లో రెండో క్వాలిఫయర్. టైటాన్స్ మేలైన ఈ మూడు సీజన్లలో 2015లో, 2025లో భారం ఒక్కరి మీద కాక ఒకరికి మించి పంచుకుని ఉంది. చరిత్ర చెప్పే పాఠం అదే. మరో లోటు ఇంకా తీరలేదు. రాహుల్, సిద్ధార్థ్, పవన్, విజయ్, భరత్, జట్టును నడిపించిన వీరంతా ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, ఢిల్లీ, హరియాణాల వారు. సంక్రాంతి పోటీల్లో మట్టి మీద కూత పెట్టే కుర్రాళ్లకు బడి దశ నుంచే మ్యాట్, కోచ్, జిల్లా స్థాయి లీగ్ అందాలి. అలా అందిననాడే తెలుగు టైటాన్స్‌లో తెలుగు పేర్లు పెరుగుతాయి. పోర్టు స్టేడియానికి మళ్లీ లీగ్ వచ్చేలోగా ఆ పని మొదలుపెట్టాల్సిన బాధ్యత రాష్ట్ర కబడ్డీ సంఘాలది, ప్రభుత్వాలది, జట్టు యాజమాన్యానిది.