టి-కణముల నిస్త్రాణత

దేహమును వీడని వైరసుతో దీర్ఘకాలము ఎడతెగక పోరాడవలసివచ్చినపుడు, వైరసు సోకిన కణములను చంపు సి.డి.8 టి-కణములు పూర్తిగా నశింపక నిలిచియుండియు తమ సంహారశక్తిని క్రమక్రమముగా కోల్పోవు స్థితికి నిస్త్రాణత యని పేరు. స్వల్పకాలిక వ్యాధియందు వైరసు తొలగగానే టి-కణములలో కొన్ని స్మృతికణములై విశ్రమించును; హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. వంటి వానియందు అట్టి విశ్రాంతి లేదు. ప్రతిజనకము, అనగా టి-కణములు గుర్తించు వైరసు భాగము, నిత్యము ఎదుట నుండుటచే, రక్షణ సంకేతములగు ప్రోటీనులలో మొదట ఇంటర్‌ల్యూకిన్-2ను, తుదకు ఇంటర్‌ఫెరాన్-గామాను సైతము పుట్టించు శక్తి సన్నగిల్లును.

ఈ విషయమును విశదపరచినవారిలో అగ్రగణ్యుడు, హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమున పరిశోధనలు సాగించిన రఫీ అహమ్మద్. మూషికములకు సోకు ఎల్.సి.ఎం.వి. అను వైరసుపై జరిపిన పరిశోధనలో ఆయన బృందము, శత్రువును గుర్తించియు ఏమియు చేయజాలని టి-కణములు దేహమున మిగిలియుండునని 1998లో చూపెను. 2006లో వెలువడిన ఫలితము మరింత గొప్పది: ఆ కణములపై పి.డి.-1 అను నిరోధక గ్రాహకము విస్తారముగా నుండుననియు, దానితో జతపడు పి.డి.-ఎల్1 అను ప్రోటీనుతో దానికి గల బంధమును అడ్డగించినచో అవి మరల క్రియాశీలములగుననియు, వైరసు తగ్గుననియు ఆయన బృందము, సహపరిశోధకులు నిరూపించిరి.

నిస్త్రాణతను కేవలము లోపమని తలచుట సరికాదు. పి.డి.-ఎల్1 లేని మూషికములు అదే వైరసు దీర్ఘముగా సోకినపుడు మరణించుటను బట్టి, ఇది దేహము తన కణజాలమును తానే ధ్వంసము చేసికొనకుండ విధించుకొన్న కట్టుబాటని తెలియుచున్నది.

క్యాన్సరునందును టి-కణములు ఇట్లే నిస్త్రాణములగును గనుక, పి.డి.-1 నిరోధక ఔషధములు నేడు పలు క్యాన్సర్లకు వాడుకలో నున్నవి. హెపటైటిస్-బి విషయమున మాత్రము నిస్త్రాణత కలుగకముందే నివారణ సాధ్యము: హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన టీకావంటివి వైరసును ముందే నిలువరించును. శిశువు పుట్టిన 24 గంటలలో ఈ టీకా తొలి మోతాదు వేయించవలెను.