నేలపట్టులో గూడబాతుల సందడి

సూళ్లూరుపేట: శీతాకాలంలో ఒక్కరోజు తీరిక దొరికితే పక్షి ప్రేమికులు తప్పక చూడదగినది నేలపట్టు. తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో, సూళ్లూరుపేటకు ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పక్షుల రక్షిత కేంద్రం 1976లో ఏర్పాటైంది. విస్తీర్ణం 458.92 హెక్టార్లు. 2022 వరకు ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది.

చెరువు నీటిలో నిలిచిన కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పొదుగుతాయి. వీటిని సైబీరియా పక్షులనడం వాడుకైంది గానీ అది సరికాదు, ఇవి దక్షిణాసియా పక్షులే. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు వీటికి ఇరుగుపొరుగు. చెట్ల మొదళ్ల చుట్టూ నీరుంటేనే నక్కలు, అడవిపిల్లులు గూళ్ల దరికి రాలేవు. ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసి చెరువు నిండని ఏడు పక్షుల రాక పలచబడుతుంది. కనుక చెరువులో నీరున్నదీ లేనిదీ కనుక్కొని బయలుదేరడం మేలు. రెట్ట కలిసిన ఈ నీరు పొలాలకు ఎరువని రైతుల నమ్మకం. అందుకే పక్షులను ఊరివారే కాపాడుకొస్తున్నారు.

ఉదయాన్నే చేరుకుంటే, పులికాట్ సరస్సులో చేపలు మేసి వచ్చిన పెద్ద పక్షులు పిల్లలకు మేత అందించడం చూడవచ్చు. బిగ్గరగా మాట్లాడరాదు. సాయంత్రం శ్రీహరికోట రోడ్డుపై ఆగితే, సరస్సులో లోతు తక్కువ నీటిలో ఫ్లెమింగోల గుంపులు కనిపిస్తాయి.