గంజాం తెలుగిండ్లలో నవలా పఠనము

మన పెద్దలు పురాణ శ్రవణమును పుణ్యమనిరి. శతకములను వల్లించుటను చదువనిరి. నవల చదువుటను మాత్రము చాలకాలము వట్టి ప్రొద్దుపుచ్చుటగా తలచిరి. బాహుదా నది సముద్రమున కలియు తావునకు చేరువనున్న సోనేపూర్‌లో, మా యింటను ఇదే తీర్పు. అయినను ఈ గంజాం సీమలో తెలుగు అక్షరము ఇండ్లలో నిలిచిన విధమును విచారించినచో, ఆ చిన్నచూపునకు గురియైన నవలకే మనము ఎక్కువ ఋణపడి యున్నామని నాకు తోచుచున్నది. ఇట్లు చెప్పుటకు కొంత చరిత్రయు, కొంత స్వానుభవమును నాకు ఆధారములు.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. మనము నవల యనుదానిని మన ఒడియా సోదరులు ‘ఉపన్యాస’ మందురు. మనకు ఉపన్యాసమనగా సభలో చేయు ప్రసంగము. బాల్యమున పొరుగింటి మిత్రుడొకడు తాను రాత్రియంతయు ఉపన్యాసము చదివితినని చెప్పగా, వీనికి ఎంత ఓర్పు గలదని నేను ఆశ్చర్యపడితిని! తెలుగున సయితము ఈ ప్రక్రియకు పేరు వెంటనే కుదురలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880లో పుస్తకరూపమున వెలువరించిన తమ ‘రాజశేఖర చరిత్రము’ను వచన ప్రబంధ మనిరి. ‘నవల’ యను పేరు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారి వలన వాడుకకు వచ్చినది.

ఆ దినములలో బరంపురము మదరాసు రాజధానిలోని పట్టణము. తెలుగు విద్యకు దూరమైన ఊరు కాదు. తాపీ ధర్మారావుగారు 1887లో ఇచ్చటనే జన్మించిరి. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో వేగుచుక్క గ్రంథమాల ఇచ్చటినుండియే నవలలను వెలువరించినది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు, జనులు మాటలాడు భాషనే వ్రాయవలెనని వాదించిరి. ఆ వాదము నెగ్గుటచే ఎక్కువ మేలు పొందినది నవలయే. పాత్రలు మన నోటి మాటలనే పలుకనారంభించిన పిమ్మట, పండితుడు కాని వాడును పుస్తకము తెరువగలిగెను.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినది. ఇచ్ఛాపురము ఆవలను, బరంపురము, పర్లాకిమిడి ఈవలను నిలిచినవి. రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. మన పూర్వులలో అనేకులు ఇల్లు, పొలము, వ్యాపారము విడువలేక ఇచ్చటనే యుండిపోయిరి. క్రమముగా బిడ్డల బడి చదువు ఒడియాలోనికి మారినది. ఇందు నింద్యమేమియు లేదు. ఆ భాష మనకు అన్నము పెట్టినది, మిత్రుల నిచ్చినది. కాని తెలుగు నోటిలో మిగిలి కంటికి దూరము కాజొచ్చెను. ఆ లోటును కొంతవరకైనను తీర్చినవి మదరాసు, విజయవాడల నుండి రైలులో వచ్చిన వారపత్రికలును, వానిలోని ధారావాహిక నవలలును.

నా యౌవనమున నన్ను కదిలించిన నవల ‘అతడు-ఆమె’. దాని కర్త ఉప్పల లక్ష్మణరావుగారు 1898లో బరంపురమున జన్మించినవారు. వృక్షశాస్త్రమున పరిశోధన చేసి, స్విట్జర్లండు దేశపు వనితను వివాహమాడి, తరువాతి కాలమున మాస్కోలో రష్యను గ్రంథములను తెనిగించిరి. స్వాతంత్ర్యోద్యమ కాలపు దాంపత్యమును ఆయన ఇరువురి దినచర్యల రూపమున నడిపిరి. అతని పుటలు చదువునపుడు అతనిదే న్యాయమనిపించెను. ఆమె పుటలకు వచ్చిన పిమ్మట సిగ్గుపడి వెనుకటి పుటలను మరల తిరుగవేసితిని. మన ఊరివాడొకడు ఇట్టి పుస్తకము వ్రాసెనన్న గర్వము నాకు నేటికిని తగ్గలేదు. కాని ఆ గర్వమే నాచేత ఒక తప్పు చేయించినది.

మా చెల్లెలు అట్టి గ్రంథముల జోలికి పోయెడిది కాదు. ఆమెకు యద్దనపూడి సులోచనారాణిగారి నవలలు ప్రాణము. 1960వ దశకమున ‘సెక్రటరీ’ వెలువడిన తరువాత, ఆ పుస్తకము మా వీధిలో చేతులు మారి అట్ట ఊడినది. రాజశేఖరము ధనమును, కారును చూచి నేను నవ్వెడివాడను; సోనేపూర్ ఇసుకలో అట్టి కారు ఎచ్చట తిరుగునని అడిగెడివాడను. చెల్లెలు ఒకనాడు, “నీ పుస్తకాలు చదవమని చెప్పాలి, నావి చదవొద్దని చెప్పాలి. అంతే తేడా, అన్నయ్యా!” అనెను. ఆ మాటకు అప్పుడు కోపము వచ్చినది.

చాల ఏండ్లకు ఆ నవలను నేనును చదివితిని. చిక్కులన్నియు అంత సులువుగా విడిపోవుట నాకు ఇప్పటికిని నచ్చదు. మన గంజాం వీధులు, మన రెండు భాషల బ్రతుకు అందు కానరావు. కాని తన జీతము తాను సంపాదించుకొని, ఆత్మాభిమానమును ధనమునకు లోబరుపని జయంతిని చూచినప్పుడు, మా వీధి బాలికలు ఆ పుస్తకమును దిండ్ల క్రింద దాచుకొనుటకు హేతువు తెలిసినది. వారు వెదకినది కారును కాదు.

ఇంక నా తప్పు. చెల్లెలి బిడ్డలు తల్లి చదువుచుండగా ప్రక్కన కూర్చుండి, తరువాయి కథ తెలిసికొను ఆతురతతో, ఏ గురువును లేకయే అక్షరములు కూడబలుకుకొనిరి. వారు నేటికిని తెలుగు చదువుదురు. నేనో, నా బిడ్డలకు తేలిక పుస్తకములు తగవని, ‘ఆముక్తమాల్యద’ వంటి ప్రౌఢ కావ్యములనే ముందుంచితిని. వారు నమస్కరించి మూసివేసిరి. ఇంట చక్కని తెలుగు మాటలాడుదురు. నాకు వ్రాయవలసి వచ్చినచో ఇంగ్లీషున వ్రాయుదురు. తప్పు వారిది కాదు. ఆకలి పుట్టకముందే విందు వడ్డించినవాడను నేను.

కావున మన కుటుంబములకు నా విన్నపమొక్కటి. మీ పెట్టెలలో, అటుకలపై పాత నవలలున్నచో, అవి గొప్పవియా కావా యను విచారణ పిమ్మట చేయుదము. ముందు వానిని క్రిందికి దింపుడు. ఒడియా నవలలను సయితము మన బిడ్డలు చదువవలెను. గోపీనాథ మహాంతిగారి ‘అమృతర సంతాన’ 1955లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినది. పొరుగువారి కథలు చదివినవాడు తన కథలను తక్కువగా చూడడు. అయితే తెలుగు కథను బిడ్డలకు అందించువారు మన ఇండ్లలో మనమే కాని వేరొకరు లేరు.

ఇప్పుడు నేను మనుమరాలికి ప్రతి సాయంకాలమును ఒక నవల చదివి వినిపించుచున్నాను. మంచి పట్టున ఆపి, పుస్తకమును ఆమెకు అందునట్లుగా బల్లపై ఉంచి లేచిపోవుచున్నాను. మొన్న వాకిటనుండి తొంగి చూడగా, ఆమె వ్రేలు పంక్తి వెంబడి మెల్లగా కదలుచుండెను. ఒత్తుల యొద్ద ఆగుచుండెను. అయినను ముందునకే పోవుచుండెను.