వాకిలికి బండలా.. ముందు కాగితం రాసుకోండి!
గుత్త ఇచ్చే ముందు బండ కింద ఏముంటుందో తేల్చుకోవాలి

నంద్యాల: ఇంటి నిర్మాణంలో చివరగా చేయించే పని వాకిలి. అప్పటికి యజమాని అలసి ఉంటాడు, చేతిలో సొమ్ము అడుగంటి ఉంటుంది. 'బండలు పరచడమే కదా' అన్న తేలిక భావంతో చదరపు అడుగుకు ఇంత అని నోటిమాటతో మేస్త్రీకి గుత్త ఇచ్చేస్తారు. పరిచిన కొత్తలో వాకిలి అద్దంలా మెరుస్తుంది. తొలి పెద్దవానకు నీరు గడప వైపు తిరుగుతుంది. మరుసటి ఏడాదికి కారు చక్రాలు ఆనే చోట బండ కుంగి పగులుతుంది. రాయి మంచిది కాదని మేస్త్రీ, పని మంచిది కాదని రాయి అమ్మినవారు ఒకరిపై ఒకరు చెప్పుకుంటారు. పగిలిన బండను లేపి చూస్తే పలుచటి సిమెంటు పూత, దాని కింద నల్లమట్టి కనిపించడం చాలా ఊళ్లలో అనుభవమే.

రాయికి కొదవ లేదు

బేతంచెర్ల, కొలిమిగుండ్ల గనుల నాపరాయి జిల్లావాసులకు చేరువలోనే దొరుకుతుంది. కడప నల్లబండ, పల్నాడులోని మాచర్ల రాయి, తెలంగాణలోని తాండూరు బండ కూడా సున్నపురాయి జాతివే. పొరలుగా విడివడే గుణం వల్ల ఇవి పరచడానికి అనువుగా ఉంటాయి. అయితే గదిలో పరిచే పాలిష్ బండ వేరు, వాకిట్లో పరిచే బండ వేరు. నునుపు చేసిన రాయి వానకు తడిస్తే జారుతుంది. వృద్ధులున్న ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఆరుబయట గరుకు బండే మేలు. కారు నిలిపే చోట అంగుళం లోపు మందం ఉన్న రాయి నిలవదు. ఒకటిన్నర నుంచి రెండంగుళాల మందం అవసరం. నీళ్ల ట్యాంకరు లోపలికి వచ్చే ఇల్లయితే ఆ సంగతి మేస్త్రీకి ముందే చెప్పాలి. 5,000 లీటర్ల ట్యాంకరులో నీటి బరువే ఐదు టన్నులు.

కొనేటప్పుడు టేపు వెంట తీసుకెళ్లడం మంచిది. రెండడుగుల బండ అని లెక్కగట్టేది అంచులు కోసిన తర్వాత 22 అంగుళాలే ఉండవచ్చు. అలాంటి వంద రాళ్లకు 400 చదరపు అడుగుల సొమ్ము చెల్లిస్తే వాకిట్లో పరుచుకునేది 336 చదరపు అడుగులే. ఇది వ్యాపారంలో ఉన్న లెక్కేనని దుకాణదారు అనవచ్చు. అలాగైతే ఆ లెక్క బిల్లులో ఉండాలి. మేస్త్రీ కూలిని మాత్రం పరిచిన వాకిలి కొలిచి కట్టాలి, కొన్న రాళ్ల లెక్కన కాదు. కోతకు, విరుగుడుకు పదో వంతు వరకు అదనంగా తెచ్చుకుంటే మధ్యలో వేరే రంగు రాయి కలపాల్సిన అవస్థ తప్పుతుంది.

మరొక జాగ్రత్త పని ముగిసే రోజున అవసరమవుతుంది. సిమెంటు మరకలు పోవడానికి కూలీలు యాసిడ్ పోసి కడుగుతుంటారు. గ్రానైటుకు ఏమీ కాకపోవచ్చు గానీ సున్నపురాయి యాసిడ్ తగలగానే నురగలు కక్కి పైపొర తినివేతకు గురవుతుంది. ఒక్క కడుగుడుకే నిగారింపు పోయి రాయి తెల్లగా మారుతుంది. యాసిడ్ వాడరాదని పని మొదలు కాకముందే చెప్పి ఉంచాలి.

నల్లరేగడిపై పరిస్తే..

నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతాల నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిచ్చి కుంచించుకుపోతుంది. ఏటా జరిగే ఈ కదలికకు పైనున్న బండ తట్టుకోలేదు. అందుకే పై మట్టిని తీసివేసి గరుసు నింపాలి. ఎంత లోతు తీయాలన్నది స్థలం చూసి తేల్చవలసిన విషయమే అయినా, కారు తిరిగే వాకిట్లో అడుగు లోతుకు తక్కువైతే ఫలితం ఉండదు. నింపిన గరుసును ఆరు అంగుళాలకొక పొరగా తడిపి దిమ్మిస కొట్టాలి. అంతా ఒకేసారి పోసి పైపైన తొక్కించడం వల్ల ఒరిగేది లేదు. ఈ పని కంటికి కనిపించదు కాబట్టి ధర తగ్గించమన్నప్పుడు మొదట కోత పడేది దీనికే. అందరికంటే తక్కువ ధర చెప్పిన మేస్త్రీ దేన్ని వదిలేసి ఆ ధర చెప్పాడో అడిగి తెలుసుకోవాలి.

దీనిపైన కంకర కాంక్రీటు. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న వాకిలి 300 చదరపు అడుగులు. నాలుగు అంగుళాల మందాన పోస్తే 100 ఘనపుటడుగులు, అంటే ఒక యూనిట్ కాంక్రీటు కావాలి. 1:4:8 పాళ్లలో కలిపితే దీనికి సుమారు తొమ్మిదిన్నర బస్తాల సిమెంటు పడుతుంది. మూడంగుళాలతో సరిపెడితే 25 ఘనపుటడుగుల సరుకు మిగిలిపోతుంది. యజమాని చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. పోసే ముందు నాలుగు మూలల్లో మేకులు దిగ్గొట్టించి నాలుగు అంగుళాల ఎత్తున గుర్తులు పెట్టించాలి. ఖాళీ బస్తాలను పని ముగిసేదాకా పారేయనివ్వకుండా లెక్క చూసుకోవాలి.

గేటు తెరుచుకుంటుందా?

నీరు పల్లమెరుగు అన్నది పెద్దల మాట. వాకిలికి గడప వైపు నుంచి వీధి వైపు పది అడుగులకు ఒకటి నుంచి రెండంగుళాల వాటం ఉండాలి. కంటిచూపుతో వాటం తేలదు. నీళ్లు నింపిన గొట్టంతోనో రసమట్టంతోనో గోడలపై గుర్తులు పెట్టించి, దారం కట్టించిన తర్వాతే పని మొదలుపెట్టనివ్వాలి. నీరు పొరుగువారి గోడ వైపు మళ్లితే తగాదా తప్పదు. ఇంకుడు గుంత వైపు మళ్లిస్తే అదే నీరు బోరుకు ఆధారమవుతుంది. పాత గచ్చుపైనే కొత్త బండలు పరిపించేవారు ఎత్తు లెక్క చూడడం మరచిపోతుంటారు. మసాలా, రాయి కలిసి మూడంగుళాలు పెరిగితే గేటు రెక్క నేలకు తగిలి తెరుచుకోదు, గడప మెట్టు కురుచవుతుంది. నీటి గొట్టం, కరెంటు తీగ ఇక ముందు వేయాల్సి వస్తుందనుకుంటే ఇప్పుడే ఒక ఖాళీ పీవీసీ పైపు అడుగున వేయించడం తెలివైన పని. మురుగు ట్యాంకు మూతపై సిమెంటుతో బండ అతికించేసి, తర్వాత పగలగొట్టించుకున్న ఇళ్లు తక్కువేమీ కాదు.

రాయి వద్దనుకునేవారు సిమెంటు పేవర్ బ్లాకులు వేయించుకుంటున్నారు. 2006లో వెలువడి 2021లో సవరించిన ఐఎస్ 15658 ప్రమాణం వీటికి వర్తిస్తుంది. కార్లు తిరిగే చోటికి 60 మిల్లీమీటర్ల మందం ఉన్నవి ఎంచుకోవాలి. వీటి కింద సిమెంటు అక్కర్లేదు. గట్టిగా దిమ్మిస కొట్టిన గరుసు, కంకర పొరలపై ఇసుక పరుపు చాలు. అంచు కట్టడి మాత్రం తప్పనిసరి. అది లేకుంటే బ్లాకులు పక్కకు జరిగి సందులు విడిపోతాయి.

పాత పని చూడాలి

మేస్త్రీ చూపించే కొత్త వాకిళ్లు చూసి నిర్ణయించరాదు. కనీసం రెండు వానకాలాలు గడిచిన పని చూడాలి, ఆ ఇంటివారితో మాట్లాడాలి. బండను ఇనుప చువ్వతో తట్టితే డొల్ల శబ్దం వచ్చే చోట కింద మసాలా సరిగా పట్టలేదని అర్థం. మాట్లాడుకున్న మేస్త్రీయే వచ్చి పరుస్తాడా, మరొకరికి అప్పగిస్తాడా అన్నదీ అడగాలి. స్థానికుడైతే ధర కాస్త ఎక్కువైనా లోపం వచ్చినప్పుడు ఇంటికి వెళ్లి పిలుచుకురావచ్చు.

ఒప్పందం తెల్లకాగితంపై రాసుకున్నా చాలు. తవ్వే లోతు, గరుసు మందం, కాంక్రీటు మందం, సిమెంటు పాలు, రాయి మందం, వాటం ఎటు, కొలత పద్ధతి, సరుకు ఎవరిది, మట్టి ఎత్తిపోసే ఖర్చు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. ఇద్దరి సంతకాలతో పాటు సాక్షి సంతకం ఉంటే మరీ మంచిది. సరుకు యజమానే కొని, కూలి మాత్రమే గుత్త ఇస్తే బయానా పెద్ద మొత్తంలో ఇవ్వాల్సిన పని ఉండదు. తవ్వి గరుసు నింపాక కొంత, కాంక్రీటు పోశాక కొంత, పరిచాక కొంత ఇచ్చి, పదో వంతు ఒక మంచి వాన పడేదాకా ఆపుకోవడం న్యాయమే. అయితే ఆ షరతు కూడా మొదటే రాసుకోవాలి. పని అయ్యాక కొత్తగా చెబితే మేస్త్రీ కూలి ఎగ్గొట్టినట్లవుతుంది. నీళ్లు తడపడం ఎవరి వంతో కూడా అప్పుడే తేలాలి. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, పీపీసీ సిమెంటుకు పది రోజులు తడి ఆరకూడదు. కాంక్రీటుకు పూర్తి బలం వచ్చే గడువు 28 రోజులు. అప్పటిదాకా కారు వీధిలోనే ఉంటే మంచిది.

చట్టం ఏం చెబుతోంది?

2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం గృహ నిర్మాణం 'సేవ' కిందకు వస్తుంది. గుత్తకు ఒప్పుకున్న పనిలో లోపం ఉంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు. రోజు కూలికి మనుషులను పెట్టుకుని యజమాని తన ఆజమాయిషీలో చేయించుకున్న పనికి మాత్రం ఈ చట్టం అక్కరకు రావడం కష్టం. కమిషన్ ముందు నిలిచేవి ఒప్పంద పత్రం, రాయి బిల్లు, సొమ్ము ముట్టినట్లు రశీదు. తవ్విన గుంత, పోసిన కాంక్రీటు కొలతలు కనిపించేలా టేపు పెట్టి ఆయా రోజుల్లో తీసిన ఫొటోలు వాటికి జతచేయాలి.