పన్నీరు రోజా పుట్టిల్లు

పన్నీరు రోజా అనాదిగా మన పెరటి మొక్కేనని చిత్తూరు, తిరుపతి వైపు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడ ఎటు చూసినా గులాబీలు అమ్ముతున్నారనీ, తిండి ఎంత అవసరమో ఆ జనానికి అవీ అంతేననీ రాశాడు. ఆ రాజ్యమే తర్వాత చంద్రగిరి నుంచి పాలన సాగించింది. రామానుజుల మాట మీద అనంతాళ్వారు తిరుమలలో పూలతోట వేసిన కథ ఇంకా పాతది. అయినా నేడు మనం పెంచుకుంటున్న మొక్క ఆ తోటల వారసురాలు కాదనే నేను అనుకుంటున్నాను. రజాక్ గులాబీలను చూశాడు, నిజమే. అవి ఏ రకమో మాత్రం చెప్పలేదు. మన మొక్క పుట్టుక గురించి దాని ఇంకో పేరే చెబుతుంది. ఉద్యానశాస్త్రంలో ఇది ఎడ్వర్డ్ రోజా, బూర్బన్ గులాబీల కుటుంబం. ఆ కుటుంబం పుట్టిల్లు హిందూ మహాసముద్రంలోని బూర్బన్ ద్వీపం, ఇప్పటి రీయూనియన్. అక్కడ పొలాల చుట్టూ కంచెలుగా పెంచిన డమాస్క్ గులాబీకీ చైనా గులాబీకీ దానంతటదే సంకరం జరిగింది. 1810ల చివర్లో బ్రెయాన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ సంకర మొక్క విత్తనాలను పారిస్‌కు పంపాడు. అంటే ఈ వంశం వయసు రెండు వందల ఏళ్లే!

డమాస్క్‌లోనూ ఏడాదికి రెండోసారి పూసే రకం ఉంది కదా, చైనా గులాబీ ప్రమేయం ఎందుకని అడగవచ్చు. ఆ రెండో పూత పలచన. వాసన డమాస్క్ సొత్తే, కానీ చిగురు వేసిన ప్రతిసారీ మొగ్గ తొడిగే గుణం చైనా వైపు నుంచి వచ్చింది. అడవి గులాబీల్లో వసంతం దాటాక పూతను ఆపే జన్యువు ఒకటుంది, పేరు కేఎస్ఎన్. తెరపి లేకుండా పూసే గులాబీల్లో దాని మధ్యలోకి వేరే డీఎన్ఏ ముక్క చొరబడి పని చెడగొట్టిందని 2012లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. చైనా గులాబీలు ఐరోపా చేరే దారిలో కలకత్తా వృక్షోద్యానం ఒక మజిలీ. అందుకే ఫ్రాన్స్‌లో వాటిని బెంగాల్ గులాబీలన్నారు.

ఈ పుట్టుక తెలిస్తే పెంపకమూ తేలికవుతుంది. పూత కొత్త చిగురు కొసనే వస్తుంది కాబట్టి కత్తిరింపే ప్రాణం. వాడిన పువ్వును కింద ఐదు రెక్కల ఆకు దాకా కోసేస్తే ఆ కణుపు నుంచి మళ్లీ చిగురొస్తుంది. వదిలేస్తే కొమ్మ బలం కాయకు పోతుంది. మా ఎండల్లో కోస్తే మొక్క చస్తుందన్న భయం సగమే సబబు. మే నెలలో మోడు చేస్తే కొమ్మలు మాడతాయి, అందుకే పెద్ద కత్తిరింపు అక్టోబరు తర్వాతకు ఉంచాలి. ఎండాకాలంలో వాడిన పూలు తీసేసి, పాదులో ఎండుటాకులు పరిచి, పొద్దున్నే మొదట్లో నీళ్లు పోస్తే చాలు. ఆకుల మీద పోస్తే నల్లమచ్చ తెగులు వస్తుంది. విరామమెరుగని మొక్క గనుక ఆకలీ ఎక్కువే, ప్రతి పూత తర్వాతా చివికిన పెంట ఎరువు వేయాలి. అక్టోబరులో కోసిన ముదురు కడ్డీలను పారేయకండి. జానెడు ముక్కలు చేసి తేమ మట్టిలో నాటండి. పన్నీరు రోజా సొంత వేరు మీదే బతుకుతుంది, అంటు కట్టాల్సిన పనీ లేదు, అడుగు నుంచి అడవి పిలకలు వచ్చే బెడదా ఉండదు.