ఓటు, చావడి, లాఠీ: ఎన్నికైన గ్రామాధికారానికి పోలీసు శిక్షణ – నందివెలుగు ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

అమెరికా కౌంటీల్లో ప్రజలు ఓటేసి గెలిపించే షెరీఫ్‌కు పోలీసు శిక్షణ ముందే ఉండాలా అన్న వాదన చాలాకాలంగా నడుస్తోంది. మన దగ్గర ఎన్నికైన ప్రతినిధికి, ఆ హోదాలో, పోలీసు అధికారం లేదు. అయినా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతానికి ఈ ప్రశ్న పాతదే. 1816 నుంచి గ్రామ మునసబు చేతిలో ఉన్న పోలీసు అధికారాన్నీ, 1984లో ఆ పదవి రద్దునూ, నేడు సర్పంచ్ మీద చట్టం పెట్టిన సమాచార బాధ్యతనూ ఈ వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది. మనిషిని నిర్బంధించే అధికారం ఉన్నవారికి శిక్షణ పదవికి ముందే ఉండాలనీ, ఎన్నికైనవారికి గెలిచిన వెంటనే అందాలనీ, పోటీకి అర్హతగా మాత్రం దాన్ని పెట్టకూడదనీ వాదిస్తుంది.

కీలక పదాలు: గ్రామ మునసబు, సర్పంచ్, షెరీఫ్, గ్రామ పోలీసు, చుండూరు, పంచాయతీరాజ్ శిక్షణ

1. ప్రశ్న ఎక్కడ పుట్టింది

తెనాలి మండలంలోని నందివెలుగు కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఊరు. గుంటూరు నగరంలో ఒక ప్రధాన రోడ్డును ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు. ఇలాంటి డెల్టా ఊళ్ళలో గట్టు తగాదా వచ్చినా, నీటి వంతు దగ్గర మాటామాటా పెరిగినా సాధారణంగా ముందు కబురు వెళ్ళేది పెద్దమనుషులకు, సర్పంచ్‌కు. అక్కడ తెగకపోతేనే స్టేషన్. స్టేషన్‌కు వెళ్ళాల్సి వచ్చినా ‘సర్పంచ్ గారిని వెంటబెట్టుకుని’ వెళ్ళడమే ఆనవాయితీ. చట్టం ఇవ్వని అధికారాన్ని ఊరు సర్పంచ్ చేతిలో పెడుతోందన్నమాట.

అమెరికాలో ఆ అధికారాన్ని చట్టమే ఇచ్చింది. అక్కడ 46 రాష్ట్రాల్లో షెరీఫ్‌ను ప్రజలు ఎన్నుకుంటారు. దేశం మొత్తం మీద షెరీఫ్‌లు సుమారు 3,000 మంది. కౌంటీ జైలు నిర్వహణ, గస్తీ, అరెస్టులు, కోర్టు ఉత్తర్వుల అమలు చాలాచోట్ల వారి పనే. తెనాలి ప్రాంతం నుంచి వెళ్ళి అక్కడి పౌరులైనవారు కూడా ఆ ఎన్నికల్లో ఓటర్లే. లాఠీ పట్టే మనిషిని ఓటుతో ఎన్నుకోవచ్చా, ఎన్నుకుంటే అతనికి పని ముందే తెలిసి ఉండాలా అన్న ప్రశ్నకు మన గ్రామ చరిత్ర నుంచి కొంత సమాధానం దొరుకుతుంది.

2. ఓటూ లేదు, శిక్షణా లేదు: మునసబు కాలం

థామస్ మన్రో సంస్కరణల ఫలితంగా వచ్చిన 1816 నాటి మద్రాసు 11వ రెగ్యులేషన్ గ్రామపెద్దను, అంటే గ్రామ మునసబును, ఊరి పోలీసు అధికారిని చేసింది. తలారి అతని కింద పనిచేయాలి. తిట్లు, చిన్నపాటి కొట్లాటల్లాంటి కేసుల్లో తప్పు రుజువైతే ఊరి చావడిలో 12 గంటలకు మించకుండా నిర్బంధించే అధికారం గ్రామపెద్దకు వచ్చింది. అదే తప్పు ‘తక్కువ’ కులాలవారు చేస్తే 6 గంటలకు మించకుండా బొండకొయ్యలో వేయవచ్చని ఆ రెగ్యులేషనే చెప్పింది.

ఈ నిబంధన ఊళ్ళో అమలైన తీరును ఊహించుకోవడం కష్టం కాదు. ఇద్దరు కొట్టుకుంటారు. ఒకరిది పెద్ద కులం, మరొకరిది చిన్న కులం. ఒకరు చావడి అరుగు మీద కూర్చుంటారు. మరొకరి కాళ్ళు కొయ్య బెజ్జాల్లో ఇరుక్కుంటాయి. ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించే మనిషికి సాక్ష్యం ఎలా వినాలో నేర్పినవారు లేరు. ఊరు అతన్ని ఎన్నుకోలేదు. తండ్రి తర్వాత కొడుకుగా పదవి వచ్చింది. ఈ వారసత్వాన్ని 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం క్రమబద్ధం చేసింది. పని నేర్పనిచోట అతనికి మిగిలిన కొలమానం తన కులం, తన ఇంటి పరువు. నాటి చట్టం కూడా ఆ కొలమానాన్నే ఖాయం చేసింది.

రెవెన్యూ, పోలీసు అధికారాలు ఒకేచోట కలిస్తే ఏమవుతుందో 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం నివేదిక చూపింది. శిస్తు వసూలు కోసం, నేరం ఒప్పించడం కోసం కింది ఉద్యోగులు రైతులను హింసిస్తున్నారని అది తేల్చింది. ఆ తర్వాత 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. పోలీసు రెవెన్యూ నుంచి విడిపోయి ప్రత్యేక శాఖ అయింది. గ్రామ మునసబు మాత్రం మిగిలాడు. నేరం జరిగితే స్టేషన్‌కు, మేజిస్ట్రేటుకు రిపోర్టు పంపడం, అనుమానాస్పద మరణం దగ్గర కాపలా పెట్టించడం అతని పనులయ్యాయి.

ప్రభుత్వం అతన్ని ఎంతవరకు నమ్మిందో చెప్పే నిబంధన మద్రాసు క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో ఉంది. పోలీసు దర్యాప్తు మొదలయ్యాక ముద్దాయి చెప్పిన మాటలను గానీ, నేరాంగీకారాన్ని గానీ గ్రామ మేజిస్ట్రేటు (అంటే మునసబు) కాగితం మీద పెట్టకూడదని ఆ నిబంధన నిషేధించింది. ఊళ్ళో అధికారం అతనికే ఇచ్చిన రాజ్యం అతని కలాన్ని నమ్మలేకపోయింది. శిక్షణ లేని చేతికి అధికారం ఇచ్చి, ఒక్కొక్క నిషేధంతో దాన్ని కట్టడి చేయడం ఆనాటి పద్ధతి.

బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం చరిత్ర ఈ లోపాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 1913లో ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన సెటిల్‌మెంటు అది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద రిజిస్టరు అయిన మనిషి ఎప్పటికప్పుడు అధికారుల దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్ళాలి. నేరం చేయకపోయినా పుట్టుకే అనుమానానికి చాలింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఇదే పరిస్థితి. ఈ వ్యవస్థను నడిపినవారిలో శిక్షణ పొందిన పోలీసులూ ఉన్నారు. చట్టమే అన్యాయమైనప్పుడు శిక్షణ ఆ అన్యాయాన్ని మరింత పద్ధతిగా అమలు చేయిస్తుంది. ఈ పరిమితిని శిక్షణను సమర్థించేవారు గుర్తుంచుకోవాలి.

3. ఊరివాడు కావడం బలహీనతేనా?

మునసబు వ్యవస్థకు మరో ముఖం ఉంది. 1921 చివర్లో, 1922 మొదట్లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్నుల నిరాకరణ ఉద్యమం సాగినప్పుడు గ్రామోద్యోగులు పెద్ద ఎత్తున రాజీనామా చేశారు. దాంతో ప్రభుత్వానికి ఊళ్ళో శిస్తు వసూలు చేసే చెయ్యి లేకుండా పోయింది. ఊరి మధ్య బతికేవాడు ఊరి మాటను పూర్తిగా కాదనలేడని ఈ ఘటన రుజువు చేసింది. ఎన్నికైన అధికారిని సమర్థించేవారి ప్రధాన వాదనా ఇదే: జవాబు చెప్పాల్సింది పై అధికారికి మాత్రమే అయితే ప్రజలతో అతనికి పనిలేదు.

అయితే ఊరి మాట అంటే ఊళ్ళో ఎవరి మాట? 1991 ఆగస్టు 6న ఇదే ప్రాంతంలోని చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు ఈ ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చింది. అప్పటికే ఊళ్ళో ఉద్రిక్తత ఉంది, పోలీసులూ ఉన్నారు. అయినా హత్యలు ఆగలేదు. తర్వాత విచారణ కోసం ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టేసింది.

చుండూరు నుంచి రెండు పాఠాలు తీసుకోవచ్చు. శిక్షణ, యూనిఫాం ఉన్నంత మాత్రాన పోలీసు బలహీనుడి పక్కన నిలబడతాడన్న హామీ లేదు. అలాగని అలాంటి ఊళ్ళో పోలీసు అధికారాన్ని ఓట్ల లెక్కకు వదిలితే ఎక్కువ ఓట్లున్న వర్గం చేతికే తాళాలు వెళతాయి. షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో వచ్చిన నిబంధనలు దర్యాప్తును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికి అప్పగించింది అందుకే. స్థానిక ఒత్తిడికి దూరంగా ఉండేవారు, పని తెలిసినవారు ఆ కేసు చూడాలని చట్టం కోరుకుంది.

4. 1984 తర్వాత: బాధ్యత ఉంది, నేర్పేవారు లేరు

1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా మునసబు, కరణం వంటి పార్ట్‌టైమ్ గ్రామోద్యోగాలను రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. గ్రామోద్యోగుల పెత్తనానికి చట్టపరంగా తెరపడింది. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, 1994 నాటి రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌ను ఊరి ముఖ్య ప్రతినిధిని చేశాయి. వీధి దీపాలు, తాగునీరు, పారిశుద్ధ్యం అతని పరిధి. పోలీసు అధికారం ఆ జాబితాలో లేదు.

కానీ మునసబు బాధ్యతల్లో ఒక ముక్క సర్పంచ్‌కు వచ్చింది. దాని గురించి చర్చ తక్కువ. పాత నేర విచారణ స్మృతి 40వ సెక్షన్, ఇప్పుడు 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 34వ సెక్షన్, గ్రామ వ్యవహారాల అధికారి కొన్ని విషయాలను వెంటనే పోలీసులకో మేజిస్ట్రేటుకో తెలపాలంటాయి. ఊళ్ళో జరిగిన నాన్‌బెయిలబుల్ నేరాలు, అనుమానాస్పద మరణాలు, అనుమానం కలిగించే రీతిలో మనిషి మాయం కావడం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. గ్రామాధికారి అంటే పంచాయతీ సభ్యుడు కూడా అని సెక్షనే వివరిస్తుంది. కావాలని చెప్పకుండా దాచడం నేరం.

ఈ సెక్షన్ పనికొచ్చే సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. పెళ్ళై రెండేళ్ళైన కోడలు తెల్లవారేసరికి చనిపోయి ఉంటుంది. అత్తింటివారు ‘కడుపునొప్పి’ అంటారు. పుట్టింటివారు ఏడుస్తూ అరుస్తారు. పెద్దమనుషులు సర్పంచ్ గారి ఇంటికి వస్తారు. పిల్ల ఎలాగూ పోయింది, ఉన్న బిడ్డ పేర ఎకరం రాయిద్దాం, సాయంత్రంలోగా దహనం కానిద్దాం అంటారు. అది దయగానే కనిపిస్తుంది. పెళ్ళైన ఏడేళ్ళలోపు ఇలాంటి మరణానికి శవ పంచనామా, పోస్టుమార్టం తప్పనిసరి అని, ఒప్పందం కుదిరేలోపు సాక్ష్యం కాలి బూడిదవుతుందని, తాను మాట్లాడకుండా ఊరుకోవడమే నేరమని ఆ గంటలో సర్పంచ్‌కు తెలిసి ఉండాలి. అతను చేయాల్సింది నాలుగే: శవాన్ని కదల్చనివ్వకపోవడం, స్టేషన్‌కు ఫోన్ చేయడం, ఇరువైపులవారినీ విడిగా ఉంచడం, బేరానికి మధ్యవర్తి కాకపోవడం. ఇది తెలియడానికి పోలీసు అకాడమీ అక్కర్లేదు. ఎవరో ఒకరు ముందే కూర్చోబెట్టి చెబితే చాలు.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయ వ్యవస్థ దీనికి ఎదురు కోణం చూపుతుంది. అందులోని మహిళా సంరక్షణ కార్యదర్శులను 2021 జూన్‌లో ప్రభుత్వం మహిళా పోలీసులుగా పేర్కొంది. పోలీసు నియామక ప్రక్రియతో రాని ఉద్యోగులను పోలీసులని ఎలా అంటారంటూ హైకోర్టులో సవాళ్ళు వచ్చాయి. ఎన్నికైనవారికి శిక్షణ లేకపోవడం ఒక సమస్య అయితే, హోదా పేరు మార్చి శిక్షణ పూర్తయినట్టు భావించడం మరొకటి.

5. బయటి అనుభవాలు

కాలిఫోర్నియాలో 1989 నుంచి షెరీఫ్ పదవికి పోటీ చేయాలంటే పోలీసు ధ్రువపత్రమో, నిర్ణీత చదువుతో పాటు పోలీసు ఉద్యోగానుభవమో ఉండాలి. 2019లో అక్కడి అప్పీలు కోర్టు ఈ నిబంధనను సమర్థించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1980 నుంచి 2012 దాకా షెరీఫ్‌గా ఉన్న మైకేల్ హెన్నెసీ పోలీసు ఉద్యోగం నుంచి వచ్చినవాడు కాదు, ఖైదీల తరఫున పనిచేసిన న్యాయవాది. కొత్తగా అలాంటి మనిషి పోటీ చేయబోతే ఆ నిబంధన అడ్డొస్తుంది. అభ్యర్థులు షెరీఫ్ కార్యాలయాల లోపలివారికే పరిమితమైతే ఎన్నిక ఒకరకమైన పదోన్నతిగా మారుతుంది. టెక్సస్‌లో చాలాకాలం మరో దారి నడిచింది: గెలిచిన షెరీఫ్ రెండేళ్ళలోగా లైసెన్సు సంపాదించాలి. ఇంగ్లండు, వేల్స్‌లలో 2012లో మొదలైన పోలీసు, క్రైమ్ కమిషనర్ ఎన్నికలు మరింత స్పష్టమైన గీత గీశాయి. ఎన్నికైనవారు బడ్జెట్, ప్రాధాన్యాలు చూస్తారు. ఎవరిని అరెస్టు చేయాలో చీఫ్ కానిస్టేబుల్ నిర్ణయిస్తాడు.

మన దేశంలో దీనికి దగ్గరగా ఉన్నది బిహార్. అక్కడి 2006 పంచాయతీరాజ్ చట్టం కింద ఎన్నికైన గ్రామ కచహరీ చిన్న నేరాలు విచారించి రూ.1,000 వరకు జరిమానా వేయగలదు, జైలుకు పంపలేదు. దానికి సాయంగా న్యాయశాస్త్ర పట్టభద్రుడైన న్యాయమిత్ర ఉంటాడు. ఎన్నికైనవారి తీర్పుకు చదువుకున్నవారి సలహా తోడైంది, నిర్బంధం మాత్రం బయటే ఉండిపోయింది.

అర్హత పెట్టడం గురించి హర్యానా ఒక హెచ్చరిక. పంచాయతీ అభ్యర్థులకు కనీస చదువు ఉండాలన్న ఆ రాష్ట్ర చట్టాన్ని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కానీ అదే తరహా నిబంధన పెట్టిన రాజస్థాన్ 2019లో దాన్ని ఉపసంహరించుకుంది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో సగం పదవులు మహిళలవి. పోలీసు శిక్షణను అర్హతగా పెడితే రిజర్వేషన్ తెరిచిన తలుపు మూసుకుపోతుంది. నందివెలుగు లాంటి ఊళ్ళో ఆ అర్హత ఉన్న దళిత మహిళలు ఎందరుంటారు?

6. నిర్ధారణలు

ఈ చర్చలో రెండు రకాల అధికారాలు కలగలిసిపోయాయి. మనిషిని పట్టుకుని తాళం వేసే అధికారం ఒకటి. ఆ పని చేసేవారిని ప్రశ్నించే, ప్రజల తరఫున నిలబడే అధికారం మరొకటి. మొదటిదానికి శిక్షణ పదవికి ముందే కావాలి. 1816 నుంచి 1984 దాకా శిక్షణ లేకుండా దాన్ని ఊళ్ళో ఉంచిన ఫలితం చూశాం. రెండోదానికి ప్రజల ఓటే అర్హత. షెరీఫ్ విషయంలో ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి కాబట్టి అతనికి శిక్షణ తప్పనిసరి అనడం సబబే. అయితే టెక్సస్ పాత పద్ధతిలా గెలిచాక గడువుపెట్టి నేర్పడం, ఆ గడువు తీరేదాకా అరెస్టు, జైలు నిర్వహణలను శిక్షణ పొందిన అధికారికే వదలడం, పోటీకి తలుపు మూయడం కంటే మేలు.

మన ప్రాంతానికి ఆచరణలో మూడు సూచనలు. మొదటిది, బాపట్ల విస్తరణ శిక్షణ కేంద్రం లాంటి చోట్ల కొత్త సర్పంచ్‌లకు ఇచ్చే తరగతుల్లో నిధులు, పనులతో పాటు 34వ సెక్షన్, పంచనామా, అత్యాచారాల నిరోధక చట్టం, పౌరులు నేరస్థుణ్ణి పట్టుకోవడానికి ఉన్న పరిమితులు చేర్చాలి. నిజమైన సందర్భాలు ఇచ్చి ఏం చేస్తారో చెప్పించాలి. రెండోది, ఇది ప్రమాణ స్వీకారం తర్వాత కొద్ది వారాల్లోనే, ప్రభుత్వ ఖర్చుతో, వార్డు సభ్యులకు కూడా అందాలి. ఎందుకంటే చట్టం బాధ్యత పెట్టింది పంచాయతీ సభ్యులందరి మీదా. మూడోది, సర్పంచ్ స్టేషన్‌కు వెళితే సాక్షిగా, సమాచారం ఇచ్చేవారిగా వెళ్ళాలి. కేసు రాజీ చేయించే మధ్యవర్తిగా పోలీసులు వారిని కూర్చోబెట్టకూడదు.

2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసుల మీద రాజకీయ ఒత్తిడి తగ్గించడానికీ, ఫిర్యాదులు వినే ప్రత్యేక సంస్థలు పెట్టడానికీ ఆదేశాలిచ్చింది. జిల్లా స్థాయి ఫిర్యాదుల సంస్థల ముందు గ్రామ పంచాయతీ తీర్మానానికి కూడా ఒక చోటు ఇస్తే, లాఠీ పట్టకుండానే ఎన్నికైనవారు పోలీసును జవాబు అడగగలరు. ఊరికి ఎన్నికైన ప్రతినిధి చేయగల అసలు మేలు అదే.